చింతపిక్కల లెక్క: పాత బ్యాండు తీసేశాక

నవంబరు 9

పొద్దున్న అయిదుంబావుకి మహేంద్రతనయ ఏటి వంతెన వైపు బయల్దేరాను. మూడేళ్ళుగా అడుగులు లెక్కపెట్టే బ్యాండు ఉన్న చోట చర్మం పాలిపోయి, గాజు తీసేసిన చెయ్యిలా ఉంది. వంతెన దాకా వెళ్ళేలోపు నాలుగుసార్లు మణికట్టు తిప్పి చూసుకున్నాను.

మొన్న రాత్రి ఆ బ్యాండు యాప్ అప్‌డేట్ అయింది. తెరవగానే కొత్త ఒప్పందం ఎదురైంది. నా గుండె లెక్కలు, నిద్ర లెక్కలు ‘భాగస్వామ్య సంస్థలతో’ పంచుకోడానికి ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తుందట. పైగా ఏడాది కంటే పాత లెక్కలు చూడాలంటే నెలనెలా డబ్బు కట్టాలి. నేను నడిచిన నడకకి నేనే అద్దె కట్టాలన్నమాట. కంపెనీ పేరు రాయను, రాసి ఒరిగేదేమీ లేదు. కానీ ఆ ఒప్పందంలో తెలుగు మాత్రం మరిచిపోలేను: ‘సమ్మతిని నిర్ధారించుటకు దిగువన నొక్కబడవలెను.’ గిడుగు రామమూర్తి గారు 1880లో మాస్టారుగా చేరింది ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనే. వాడుక భాష కోసం ఆయన అంత పోట్లాడాక, అదే ఊళ్ళో కూర్చుని ఈ ముక్క చదివాను.

వద్దు అని నొక్కాను. యాప్ తలుపు వేసేసుకుంది. బ్యాండు మాత్రం పాపం, దాని తెర మీద ఆ రోజు అడుగులు చూపిస్తూనే ఉంది, ఫోనుకి చెప్పడమే మానేసింది.

నవంబరు 12

ముందు పాత లెక్కలు బయటికి తీసుకోవాలి కదా. వెబ్‌సైటులో లాగిన్ అయితే ‘నా డేటా దింపుకో’ అనే మీట ఐదు తెరల లోపల దొరికింది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. ఇవ్వడానికి ఒక్క నొక్కు చాలింది, నా లెక్కలు తీసుకోడానికి మాత్రం ఐదు తెరలు. రెండు రోజులకి జిప్ ఫైలు వచ్చింది, రోజుకో ఫైలు చొప్పున వెయ్యి పైచిలుకు. లాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచాకే ఖాతా తీసెయ్యమని అడిగాను. ఎవరైనా ఇదే పని చేస్తుంటే ఈ వరస తప్పొద్దు: ముందు దింపుకోండి, తెరిచి చూసుకోండి, తర్వాతే తీసెయ్యండి.

మా మేనల్లుడు బుజ్జి ఆదివారం వస్తానన్నాడు. వాడికి ఫోనులో ఒకే మాట చెప్పాను: “కంపెనీ రేపు మూతబడినా నడిచే బ్యాండు కావాలిరా.”

“అలాంటివి ఉంటాయా మావయ్యా?”

ఉంటాయని నాకూ తెలీదు. రెండు రాత్రులు కూర్చుని చదివాక తెలిసింది. పెబుల్ అనే వాచీ కంపెనీ 2016లో మూతబడితే, కొన్నవాళ్ళే కలిసి రెబుల్ అని పెట్టుకుని ఆ వాచీలను బతికించుకున్నారు. 2020 జులైలో గార్మిన్ అనే ఇంకో వాచీ కంపెనీ సర్వర్ల మీద దాడి జరిగితే, వాచీలు లెక్క పెడుతూనే ఉన్నా యాప్‌లో చూసుకునే దారి లేక జనం కొన్ని రోజులు ఊరుకోవాల్సి వచ్చింది. ఇంకోటి, నడక, పరుగుల దారులు దాచే స్ట్రావా అనే యాప్ వాళ్ళు వేసిన ప్రపంచ పటం మీద 2018 జనవరిలో సైనిక స్థావరాలు వెలుగు గీతల్లా బయటపడ్డాయి. జవాన్లు పొద్దున్నే పరుగెత్తిన దారులే అవి. నా దారిలో రహస్యం ఏముంది అనుకోవచ్చు. రోజూ అయిదుంబావుకి మా గడప దగ్గర మొదలై ఆరుంపావుకి అక్కడే ఆగే గీత ఏం చెబుతుంది? ఆ గంటసేపూ ఇంట్లో నేను లేనని చెబుతుంది.

నవంబరు 16

బుజ్జి సొరుగులో పడేసిన ఎంఐ బ్యాండ్ 3 పట్టుకొచ్చాడు. మన దగ్గర 2018 సెప్టెంబరులో 1,999 రూపాయలకి దిగిన సరుకు. పట్టీ లోంచి గుళికలా ఊడొస్తుంది, చిన్న తొట్టిలో పెట్టి చార్జి చెయ్యాలి. తొట్టి పోయిందన్నాడు, వాడి తల్లి కుట్టు మిషను డబ్బాలో దొరికింది.

దీనికి కంపెనీ యాప్ పెట్టలేదు. గ్యాడ్జెట్‌బ్రిడ్జ్ అని ఉచిత యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌కి మాత్రమే. ప్లే స్టోర్‌లో వెతక్కండి, ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల కొట్టులో దొరుకుతుంది. మొదట పెబుల్ వాచీల కోసం రాసిన యాప్ ఇది, ఇప్పుడు చాలా రకాలకి పనిచేస్తుంది. నాకు నచ్చింది ఒకటే: దీనికి ఇంటర్నెట్ పర్మిషనే లేదు. పంపాలని బుద్ధి పుట్టినా పంపలేదు. ఖాతా లేదు, పాస్‌వర్డ్ లేదు.

జత కలపడం ఇలా జరిగింది. ఫోనులో బ్లూటూత్, లొకేషన్ ఆన్ చేసి, ప్లస్ గుర్తు నొక్కి వెతికితే పేరు కనిపించింది. నొక్కగానే బ్యాండు వణికింది, దాని మీద తట్టమంది, తట్టాను, అయిపోయింది. మొదటిసారి కలవలేదు. బుజ్జి ఫోనులో పాత యాప్ ఇంకా దాన్ని పట్టుకుని ఉంది. అక్కడ తీసేశాక కలిసింది.

ఒక జాగ్రత్త. ఎంఐ బ్యాండ్ 4 నుంచి పైవాటికి కంపెనీ యాప్‌లో ఒకసారైనా ఖాతా తెరిచి, అక్కణ్ణుంచి తాళంచెవి లాంటి సంకేతం తెచ్చుకోవాలి. 3కి ఆ గొడవ లేదు. కొత్తది కొందామని ఎగబడేముందు గ్యాడ్జెట్‌బ్రిడ్జ్ వాళ్ళ జాబితాలో ఆ మోడల్ పక్కన ఏం రాసుందో చూడాలి. నాకు కొత్తదాని మీద మోజు అక్కడితో సగం తగ్గింది.

నవంబరు 19

అసలు పరీక్ష ఇవాళ. పది చింతపిక్కలు కుడి జేబులో వేసుకున్నాను. నూరు అడుగులకి ఒక పిక్క ఎడమ జేబులోకి. పదీ మారితే వెయ్యి. మా నాన్న బియ్యం బస్తాలు దింపించేటప్పుడు ఇలాగే లెక్క పెట్టేవాడు. రెండు బ్యాండులూ ఎడమ చేతికే, ఒకదాని పైన ఒకటి.

వెయ్యి అడుగులకి పాతది 1,046 అంది, ఎంఐ బ్యాండ్ 981 అంది. తిరుగు దారిలో పాతది 1,039, ఇది 988. మూడేళ్ళుగా పాతది నన్ను ఉబ్బేస్తూ వచ్చిందన్నమాట. రోజుకి పదివేలు నడిచానని ఇంట్లో గొప్పలు పోయిన రోజులు చాలా ఉన్నాయి. అయినా ఆ పదివేలు ఏ డాక్టరో తేల్చిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరుకి పెట్టిన పేరు అది: మన్పో-కెయ్, అంటే పదివేల అడుగుల మీటరు. పేరు బాగా అతుక్కుంది.

తర్వాత పాలకేను పట్టుకుని ఇంకో వెయ్యి నడిచాను. కేను ఉన్న చెయ్యి ఊగదు కదా, బ్యాండు 702 దగ్గరే ఆగింది. లోపల ఉన్నది కదలిక పసిగట్టే చిన్న చిప్పు, దానికి మన కాళ్ళు కనిపించవు, చెయ్యి ఊగడమే తెలుసు. సాయంత్రం గుణుపురం బస్సులో వెళ్ళొస్తే ఒక్క అడుగూ వేయకుండా 340 వచ్చాయి. ఆ రోడ్డు నడిచినట్టే లెక్క.

నవంబరు 23

ఇంటావిడ ఒక పూట పెట్టుకుంది. బట్టలు ఉతికి, రోట్లో కొబ్బరి పచ్చడి నూరితే 900 దాటింది. “చూశారా, మీరు వంతెన దాకా వెళ్ళొచ్చి చెప్పే గొప్పలు నేను పెరట్లోనే చేస్తున్నా” అంది. నేనేమీ అనలేదు.

అమ్మకి పెడితే అడుగులు వచ్చాయి గానీ గుండె లెక్క రాలేదు. మూడుసార్లు గీతలే. ఆవిడ మణికట్టు మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు ఉంది, తేలు బొమ్మ, ఇప్పుడు నీలం మరకలా అల్లుకుపోయింది. బ్యాండు కింద వెలిగే పచ్చ దీపం చర్మంలోకి వెళ్ళి, రక్తం పొంగినప్పుడల్లా ఎంత వెలుగు తిరిగొస్తుందో చూసి గుండె లెక్క కడుతుంది. ఎర్ర రక్తం పచ్చ వెలుగుని బాగా పీల్చుకుంటుంది కాబట్టి ఆ రంగు. మధ్యలో సిరా ఉంటే వెలుగు అక్కడే ఆగిపోతుంది. కుడి చేతికి మారిస్తే 78 అని వచ్చింది. “ఆ తేలుకి ఇంకా కాపలా కాయడం వచ్చులే” అంది అమ్మ.

నాది కూడా చూసుకున్నాను. కూర్చుని మెడ దగ్గర వేళ్ళు పెట్టి అర నిమిషం లెక్క పెట్టి రెట్టింపు చేస్తే 74, బ్యాండు 76. బాగుంది. మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగాక వేళ్ళ లెక్క 118, బ్యాండు 96. పట్టీ వదులుగా ఉంది. మణికట్టు ఎముక మీద కాకుండా వేలెడు పైకి జరిపి, ఒక రంధ్రం బిగిస్తే 113 దాకా వచ్చింది.

డిసెంబరు 2

ఎంఐ బ్యాండ్‌తో రెండు చిక్కులు. కంపెనీ చెప్పింది 20 రోజుల బ్యాటరీ, ఈ ముసలిది నాలుగు రోజులకే కళ్ళు మూస్తోంది. రెండోది తెర. పాతపట్నం వైపు ఎండెక్కాక అడుగులు చూడాలంటే అరచెయ్యి గొడుగులా పట్టి, పైగా కళ్ళజోడు పెట్టుకోవాలి. రోడ్డు పక్కన నిలబడి చేతిలో దేన్నో దాచుకుని చూస్తున్నట్టుంటుంది, ఇద్దరు ఆగి అడిగారు కూడా.

బుజ్జి రెండు వాచీల పేర్లు పంపాడు. పైన్‌టైమ్, బ్యాంగిల్ జేఎస్ 2. రెండిటిలోనూ సాఫ్ట్‌వేర్ బాహాటంగా ఉంటుంది, మనమే మార్చుకోవచ్చు. విదేశాల నుంచి తెప్పించాలి, కస్టమ్స్ ఎంత పడుతుందో ముందు తేలదు, పాడైతే పంపడానికి చోటు లేదు. బట్టల కొట్టు నడుపుకునేవాణ్ణి, ప్రోగ్రాము రాసుకునే వయసు కాదు. పక్కన పెట్టాను.

డిసెంబరు 14

సరుకు కోసం బరంపురం వెళ్ళాను. పని అయ్యాక మొబైలు రిపేరు కొట్ల వీధిలో తిరిగితే ఒక చోట గాజు పెట్టెలో అమేజ్‌ఫిట్ బిప్ అనే వాచీ కనిపించింది. పాత మోడలే, 2018 నాటిది. కొట్టు కుర్రాడు 1,200 చెప్పాడు. బ్యాటరీ సంగతి అడిగితే “భొలొ ఒఛి, ఆజ్ఞా” (బాగుందండీ) అన్నాడు. భొలో కాదో చూద్దామని చార్జి పెట్టించి, పక్కనే టీ తాగి గంట తర్వాత వచ్చాను. శాతం పడిపోలేదు. 900కి ఇచ్చాడు.

కొనేముందు అక్కడే చేసినవి: వాచీలోనే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టించాను, గుండె దీపం వెలుగుతోందో లేదో చూశాను, చార్జరు తొట్టి అడిగి తీసుకున్నాను (అది లేకపోతే వాచీ రాయే), నా ఫోనులోని గ్యాడ్జెట్‌బ్రిడ్జ్‌తో అక్కడికక్కడ జత కలిపాను. పాత యజమాని ఖాతా పట్టుకుని ఉంటే అక్కడే తెలిసిపోతుంది. కలిసింది. ‘కొత్త ఫర్మ్‌వేర్’ (వాచీ లోపలి సాఫ్ట్‌వేర్) జోలికి మాత్రం పోలేదు. నడుస్తున్నదాన్ని కెలక్కూడదు.

ముఖ్యంగా తెర. ఎండ ఎంత పడితే అంత తేటగా కనిపిస్తుంది, వెలుగుని వెనక్కి తిప్పి చూపించే రకం. పగలంతా ఆరిపోదు. రంగులు వెలిసిన చీరలా ఉంటాయి, ఆ మాట నిజమే.

డిసెంబరు 21

మళ్ళీ చింతపిక్కలు. వెయ్యికి 1,007, రెండోసారి 994. పాలకేనుతో 731. కేను ముందు అందరూ ఒకటే.

జీపీఎస్ ఇందులోనే ఉంది. కంపెనీ యాప్ ఉంటే ఉపగ్రహాల తాజా జాడ ముందే తెచ్చి ఇస్తుంది, నాకది లేదు కాబట్టి మొదటి రోజు మా వీధి చివర నాలుగు నిమిషాలు నిలబడ్డాను. కుక్కలు గుర్తుపట్టడం మొదలెట్టాయి. ఇప్పుడు వాచీని మేడ మీద పిట్టగోడ మీద పెట్టి పళ్ళు తోముకుంటాను, ఆలోగా పట్టుకుంటుంది. నీలమణి దుర్గ గుడి దాకా వెళ్ళొస్తే 6.4 కిలోమీటర్లు చూపించింది. ఫోనులో ఓపెన్‌ట్రాక్స్ అనే యాప్ 6.5 అంది. రెండు దారులూ జీపీఎక్స్ (దారి గీతలు దాచే రకం) ఫైళ్ళుగా నా ఫోనులోనే ఉన్నాయి. వంతెన దాటాక ఫోను ఆంధ్రా టవరు పట్టుకుని ఎప్పటిలాగే స్వాగతం మెసేజి చూపించింది, వాచీకి ఆ సరిహద్దు గొడవ లేదు.

పోయినవి కూడా రాసుకోవాలి. నిద్ర బొమ్మ మొరటుగా వస్తోంది, మంచం మీద కదలకుండా పేపరు చదివితే నిద్ర అనుకుంటోంది. తెలుగు మెసేజులు వాచీ మీద వరుసగా ఖాళీ పెట్టెల్లా వస్తున్నాయి, ఆపేశాను, అదే ప్రశాంతంగా ఉంది. ఫోను పోతే లెక్కలన్నీ పోతాయి, ఎక్కడో సర్వరులో నకలు ఉండదు. అందుకని ఆదివారం కొట్టు మూశాక డేటాబేస్ ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేస్తున్నాను. లాప్‌టాప్‌లో తెరిస్తే నిమిషానికో వరుస. నవంబరు 19న బస్సులో ఎక్కిన ఆ 340 ఎక్కడ ఉన్నాయో వేలు పెట్టి చూపించగలను.

జనవరి 2

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కాలని బుజ్జి, నేను అనుకుంటున్నాం. 1,501 మీటర్ల కొండ. ఆ రోజు జీపీఎస్ ఎన్ని గంటలు నిలుస్తుందో ముందే తెలియాలి. ఇవాళ రెండున్నర గంటలు ఆపకుండా పెట్టి నడిస్తే 14 శాతం దిగింది. సరిపోతుంది. వేళ్ళు చల్లబడితే గుండె లెక్క తప్పుతుందేమో, కొండ మీద చూడాలి.

పాత కంపెనీ నుంచి నిన్న మెయిల్: ఖాతా తీసేశాం, మీరు లేని లోటు కనిపిస్తోంది అని. తెలుగు ఈసారి బాగుంది.

పాత బ్యాండుని రీసెట్ చేసి అమ్మకి ఇచ్చాను, టైము చూసుకోడానికి. కుడి చేతికి పెట్టుకుంది.

జనవరి 6

బిప్ చార్జి చేసిన రోజున గోడ క్యాలెండరులో తేదీ పక్కన మెరుపు గుర్తు గీశాను, డిసెంబరు 18న. ఇవాళ్టికి 19 రోజులు. 38 శాతం ఉంది.