మేఘం వైపు వీచిన గాలి

కోనసీమలో పెరిగిన నాకు గాలివాన అనగానే 1996 నవంబరు 6వ తేదీ రాత్రి గుర్తుకు వస్తుంది. తలుపులు బిగించుకొని తెల్లవారే వరకు కూర్చోవడం తప్ప ఆ రాత్రి మాకు మరో దారి లేదు. అటువంటి నేను, డాలస్‌లో స్థిరపడిన ఇన్నేళ్లకు, గాలివానను వెతుక్కుంటూ వెళ్లే ఒక చిన్న బృందంతో కలిసి గత మే నెలలో అమెరికా నడిమి మైదానాలకు బయలుదేరాను.

ఓక్లహోమాలోని నార్మన్ మా మొదటి మజిలీ. టోర్నడోలనే భీకరమైన సుడిగాలులకు అనువైన పరిస్థితులను దేశమంతటికీ ముందుగా అంచనా వేసే స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ ఉన్నది అక్కడే. ఆ కేంద్రం ఉదయం విడుదల చేసిన పటాన్ని మా మార్గదర్శి ఓపికగా వివరించారు. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుండి వచ్చే తేమగాలి, పడమటి ఎత్తు ప్రాంతాల నుండి దిగే పొడిగాలి కలిసే సరిహద్దును డ్రైలైన్ అంటారు. ఆ రోజు అది టెక్సాస్ ఉత్తరపు కొస అయిన పాన్‌హ్యాండిల్ మీద ఉంది. అయితే పైన వెచ్చని గాలిపొర ఒకటి మూతలా పరుచుకొని ఉంటుందని, ఆ మూత సాయంత్రం దాకా తెరుచుకోకపోతే ఎంత ఉక్కపోసినా మబ్బు లేవదని ఆయన చెప్పారు.

అక్కడి షామ్‌రాక్ అనే ఊరు చేరి, ఒక పెట్రోలు బంకు దగ్గర నాలుగు గంటలు కాచుకున్నాము. రోహిణి కార్తెలో వానకు ముందు పట్టే ఉక్కే అక్కడా ఉంది, కానీ ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. అయిదు దాటాక పడమట ఒక మేఘం పాలు పొంగినట్టు లేచి, అరగంటలో పైన కమ్మరి దాగలిలా బల్లపరుపుగా పరుచుకుంది.

83వ నంబరు రహదారి మీద ఉత్తరంగా వెళ్లి, వీలర్ ఊరు దాటాక మేఘానికి ఆగ్నేయంగా ఆగాము. వాన, వడగళ్లు ఎక్కువగా ఉత్తరం వైపు పడతాయి కనుక టోర్నడో పుట్టగల నైరుతి అడుగుభాగం ఆ చోటు నుండి అడ్డు లేకుండా కనిపిస్తుంది, దక్షిణానికి తప్పుకునే దారి కూడా మిగులుతుంది. అక్కడ నేను ఎరగని సంగతి ఒకటి జరిగింది. మా ఊళ్లో వానగాలి మబ్బు దిక్కు నుండి మన మీదకు వస్తుంది. ఇక్కడ గాలి మా వీపులను తోస్తూ మేఘంలోకే పోతోంది. పొలంలోని గోధుమ వెన్నులన్నీ అటే వంగాయి. ఆ వెచ్చని తేమగాలినే మేఘం పీల్చుకొని బతుకుతుందట. దాని అడుగున గోడలా దిగిన నల్లని భాగం, నిదానంగా, కంటికి తెలిసేటట్టు తిరుగుతోంది.

ఇరవై నిమిషాల తరువాత గాలి హఠాత్తుగా చల్లబడి దిశ మార్చుకుంది. వెంటనే బండి ఎక్కమన్నారు మా మార్గదర్శి. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర టోర్నడో నాలుగు కిలోమీటర్లకు పైగా వెడల్పయి, ఎంతో అనుభవమున్న టోర్నడో పరిశోధకుడు టిమ్ సమారస్‌ను, ఆయన కుమారుణ్ణి, సహచరుణ్ణి బలిగొన్నదని ఆయన ఉదయమే చెప్పి ఉన్నారు. అందుకే ఎవరమూ మరొక్క క్షణం ఆగుదామని అడగలేదు.

ఆ మేఘం టోర్నడోను దించకుండానే కరిగిపోయింది. చీకటి పడకముందు, అది నడిచిన దారిలో వెనక్కి వచ్చాము. నిమ్మకాయంత వడగళ్లు గోధుమచేనును నేలకు కొట్టేశాయి. గట్టున ఒక పెద్దాయన వంగి, ఒక వెన్ను తుంచి, అరచేతిలో నలిపి గింజలను చూసుకుంటున్నారు. 1996లో నీటమునిగిన మా వరిచేను గట్టున మా నాన్నగారు చేసినది కూడా అదే. నేను బండి ఆపమని అడిగి, దిగి, ఆయన దగ్గరకు నడిచాను.