జర్మన్ నేర్చుకునేటప్పుడు నాకు ఇంగ్లీషు కంటే తెలుగే ఎక్కువ ఆదుకుంది

నేను బీఎస్సీ నర్సింగ్ చేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో మూడేళ్లు పనిచేశాను. జర్మనీలో నర్సుగా చేరాలంటే కనీసం బీ1, అంటే మూడో స్థాయి భాష రావాలి, చాలాచోట్ల దాని పై స్థాయి బీ2 అడుగుతారు. మొదటి స్థాయి ఏ1తో మొదలుపెట్టి బీ1 సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. అందులో మొదటి ఐదు నెలలు తప్పుదారిలో నడిచాను. ఇప్పుడు మొదలుపెడుతున్నవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

క్లాసులో అందరిలాగే నేనూ ప్రతి జర్మన్ వాక్యం పక్కన ఇంగ్లీషు అర్థం రాసుకునేదాన్ని. నోట్స్ ఇంగ్లీషులో, పాఠం ఇంగ్లీషులో, ఫోన్‌లో యాప్ కూడా ఇంగ్లీషులోనే. మనసులో మాట తెలుగులో పుట్టేది. దాన్ని ఇంగ్లీషు చేసి, ఆ ఇంగ్లీషును మళ్లీ జర్మన్ చేసేదాన్ని. నైట్ డ్యూటీ దిగి నేరుగా క్లాసుకు వచ్చిన రోజుల్లో ఆ రెండో మెట్టు దగ్గరే బుర్ర ఆగిపోయేది.

ఒకరోజు క్లాసులో ఏసీ బాగా ఎక్కువగా ఉంది. చలిగా ఉందని చెప్పాలనుకుని "ఇష్ బిన్ కాల్ట్" అన్నాను. 'ఐ యామ్ కోల్డ్' అనే ఇంగ్లీషు అలవాటు అది. మేడమ్ ఆపి, "అలా అంటే నువ్వు మనసు లేని మనిషివని అర్థం వస్తుందమ్మా, మియర్ ఇస్ట్ కాల్ట్ అనాలి" అన్నారు. మియర్ అంటే నాకు. రాసుకుంటూ పెన్ను ఆపేశాను. నాకు చలిగా ఉంది. ఇది అచ్చంగా మనం అనే మాటే కదా!

ఆ రాత్రి హాస్టల్‌లో పాత పాఠాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మియర్ ఇస్ట్ ష్లెష్ట్, నాకు వికారంగా ఉంది. మియర్ ఇస్ట్ ష్విండ్లిష్, నాకు కళ్లు తిరుగుతున్నాయి. మియర్ టూట్ డేర్ కోప్ఫ్ వే, నాకు తల నొప్పెడుతోంది. ఎస్ గెఫెల్ట్ మియర్, అది నాకు నచ్చింది. వార్డులో రోగి నోట రోజంతా వినే మాటలివి. వీటినే నేను ఐదు నెలలుగా 'ఐ యామ్, ఐ హావ్' అచ్చులో పోసి తప్పులు చేస్తున్నాను. జర్మన్ వ్యాకరణంలో దీన్ని డేటివ్ అంటారు. మనం బళ్లో "కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్" అని షష్ఠీ విభక్తిలో వల్లించిన కి, కు చేసే పనే ఇక్కడ ఆ డేటివ్ చేస్తోంది. శరీరానికో మనసుకో ఏదైనా కలిగితే అది 'నాకు' కలిగిందంటాం. ఇంగ్లీషులో 'నేను' అయిపోతుంది.

మర్నాడు కొత్త నోట్‌బుక్ కొన్నాను. ఎడమ పేజీలో జర్మన్, కుడి పేజీలో తెలుగు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాయకూడదని నియమం పెట్టుకున్నాను.

ఆ నోట్‌బుక్ వల్ల ఎక్కువ మేలు జరిగింది వాక్య నిర్మాణంలో. అందరినీ ఏడిపించే పాఠం ఒకటుంటుంది: వైల్ (ఎందుకంటే), దాస్ (అని) లాంటి మాటలు వస్తే క్రియ వాక్యం చివరికి వెళ్లిపోవాలి. "దాస్ డేర్ పట్సియెంట్ గెస్టర్న్ నిష్ట్స్ గెగెస్సెన్ హాట్." దీన్ని ఇంగ్లీషు వరసలో చదివితే తలకిందులుగా ఉంటుంది. తెలుగులో పెట్టి చూడండి: పేషెంట్, నిన్న, ఏమీ, తినలేదని. మాట వెనక మాట అదే వరస. మనం 'అని' చివర తగిలిస్తాం, వాళ్లు 'దాస్' ముందు పెడతారు, అంతే తేడా. మామూలు వాక్యంలో మాత్రం క్రియ రెండో స్థానంలోనే ఉండాలి, అక్కడ తెలుగు సాయం రాదు. అది నోటికి అలవాటు చేసుకోవాల్సిందే.

ఇంకో చోట కూడా నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇన్ డీ క్యూషె" అంటే వంటింట్లోకి, "ఇన్ డేర్ క్యూషె" అంటే వంటింట్లో. ఇన్ మారదు, వెనకున్న ఆర్టికల్ మారుతుంది. కదలిక ఉంటే ఒకటి, ఉన్నచోటే ఉంటే ఇంకొకటి. లో, లోకి తేడా పుట్టినప్పటి నుంచి తెలిసిన మనకు దీనికి సూత్రం ఎందుకు? కానీ 'మీద' దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పుస్తకం బల్ల మీద ఉన్నా, బల్ల మీద పెట్టినా మనం 'మీద' అనే అంటాం. జర్మన్‌లో ఉంటే "ఔఫ్ డేమ్ టిష్", పెడితే "ఔఫ్ డేన్ టిష్". నేను తెలుగును నమ్ముకుని ఇక్కడ చాలాసార్లు తప్పు రాశాను.

ఒక విషయం మేడమ్ చెప్పాక చాలా రోజులు మనసులో ఉండిపోయింది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని, 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడట. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చెప్పుకునేవి కూడా ఆయన 1746, 1747ల్లో జర్మనీలోని హాలె పట్టణంలో వేయించినవే. మూడొందల ఏళ్ల కిందట ఒక మనిషి అటు నుంచి ఇటు ఇదే దారి నడిచాడంటే నాకు ధైర్యం వచ్చింది.

లింగాల దగ్గర మాత్రం ఎవరూ ఆదుకోలేదు. చెంచా పుంలింగం, ఫోర్క్ స్త్రీలింగం, చాకు నపుంసకం. అమ్మాయి అనే మాటకు కూడా డాస్, అంటే నపుంసకమే. క్లాసులో అందరూ ఆశ్చర్యపోయారు కానీ నాకు వింత అనిపించలేదు. అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది అనే భాష మనది. చివర షెన్ ఉంటే డాస్, ఉంగ్, హైట్, కైట్ ఉంటే డీ, అంటే స్త్రీలింగం. మిగతావి మూడు రంగుల పెన్నులతో రాసి గోడకు అంటించి బట్టీ పట్టాను.

ఉచ్చారణలో ఒక లాభం, ఒక నష్టం. జర్మన్‌లో జెడ్ అక్షరాన్ని 'త్స' అని పలకాలి. మా రూమ్మేట్‌కు ఎంతకీ రాలేదు. "చుట్టంలో 'చు' ఎలా అంటావో అలాగే అనవే" అన్నాను. "అంతేనా అక్కా!" అని ఆ పూటే పట్టేసింది. చాలా, చుట్టం, చలి అన్నప్పుడు మన నోట్లో ఉన్నది ఆ శబ్దమే. పాత పుస్తకాల్లో దాన్ని ౘ అని వేరే గుర్తుతో రాసేవాళ్లు. నష్టం ఏమిటంటే మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇస్ట్ కాస్తా ఇస్టు, ఉంట్ కాస్తా ఉంటు అయిపోతాయి. ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాకే నాకు తెలిసింది. ఆ 'ఉ' పోగొట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది.

పరీక్షలో నాలుగు భాగాలు: చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం. ఒక్కోదాంట్లో 100కి 60 రావాలి. మొదటిసారి మూడు పాసయ్యాను, వినడంలో 53 వచ్చాయి. అంకెలే దెబ్బకొట్టాయి. 84ను వాళ్లు 'నాలుగూ ఎనభై' అంటారు. నాలుగు వినగానే నా చెయ్యి 4 వేసేది, తర్వాత ఎనిమిది, అది 48 అయ్యేది. రైలు టైము గురించి ఆలోచిస్తుండగానే తర్వాతి ప్రశ్న అయిపోయేది. ఇంటికి వెళ్లి అమ్మ దగ్గర ఏడ్చాను. ఫెయిలైన భాగం ఒక్కటే మళ్లీ రాయొచ్చు కాబట్టి వెంటనే ఫీజు కట్టేశాను.

ఆ వారమే వినాయక చవితి. అమ్మ పుస్తకం చూసి "ఏకవింశతి పత్రపూజ" అని చదువుతుంటే నేను ఒక్కో ఆకూ అందిస్తున్నాను. మాచీపత్రం, బృహతీపత్రం దాటి బిల్వపత్రం చేతిలో ఉండగా తట్టింది. ఏక, వింశతి. ఒకటీ ఇరవై. ఐన్ ఉంట్ త్స్వాన్‌త్సిష్ కూడా ఒకటీ ఇరవయ్యే. మనం ఇరవై ఒకటి అంటాం, సంస్కృతం మాత్రం జర్మన్ వరసలో నడుస్తుంది. రెండూ ఒకే భాషా కుటుంబానివని క్లాసులో విన్నాను కానీ, ఆ రోజు పూజలో చెవికి పట్టింది. ఆ తర్వాత అంకె వినగానే రాయడం మానేశాను. మొదటి అంకెను నాలుక మీద పట్టి ఉంచి, రెండోది విన్నాక కలిపి రాయడం సాధన చేశాను. రోజుకు యాభై అంకెలు రూమ్మేట్ చదివేది, నేను రాసేదాన్ని.

రెండోసారి 73 వచ్చాయి. ఇప్పుడు బీ2 చదువుతున్నాను, కాగితాల పని కూడా నడుస్తోంది. రూమ్మేట్‌కు వచ్చే నెల బీ1 పరీక్ష. ఆ రెండు భాషల నోట్‌బుక్ తన దగ్గరే ఉంది. ఇప్పుడు అంకెలు నేను చదువుతున్నాను, తను రాస్తోంది. నిన్న యాభైలో ఏడు తప్పులు వచ్చాయి.