మార్ఫిన్ దొరకని ఏప్రిల్

నాకొచ్చింది మల్టిపుల్ మైలోమా, ఎముక మూలుగలో పుట్టే క్యాన్సర్. అది తేలేదాకా డిస్కు జారిందని ఒకరు, వయసు నొప్పులని ఒకరు చెప్పారు. వెన్నులో ఒక పూస కూలిపోయాక గానీ సరైన రక్తపరీక్ష రాసినవాళ్లు లేరు. హైదరాబాద్‌లో రేడియేషన్, కీమో, ఆరోగ్యశ్రీ కాగితాలు... ఈ జబ్బు చూసిన ఇళ్లకు అవన్నీ తెలిసినవే, వదిలేస్తున్నా. నేను చెప్పాల్సింది మాత్రల సంగతి.

పది మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్ర, నాలుగు గంటలకోటి. అది మొదలుపెట్టాకే ఎన్నో నెలల తర్వాత పక్కకు తిరిగి పడుకోగలిగాను. నల్లమందు నుంచి తీస్తారు కాబట్టి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. 2014లో చట్టాన్ని కొంత సడలించారు, గుర్తింపు ఉన్న ఆసుపత్రులు లెక్క రాసి ఇవ్వొచ్చు. నేను అంగన్‌వాడీ టీచర్ని, గుడ్లకూ పాలకూ రిజిస్టర్లు రాసీ రాసీ విసిగినదాన్ని. లెక్క అడిగితే నాకు కోపం రాదు. కానీ సూర్యాపేటలో మేం అడిగిన ఏ మెడికల్ షాపులోనూ ఆ మాత్ర లేదు. మాకు తెలిసిన చోటు హైదరాబాద్ ఒక్కటే.

2020 మార్చి నెలాఖరుకు మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలి. అప్పటికే బస్సులు ఆగిపోయాయి, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. అదే రోజు కేంద్రం ఫోన్‌లో వైద్యానికి నియమాలు విడుదల చేసింది. బీపీకి, షుగరుకు ఫోన్‌లోనే చీటీ రాయొచ్చట, మార్ఫిన్ లాంటి మందులు మాత్రం రాయకూడదట. మా డాక్టరమ్మ ఎప్పుడు చేసినా ఫోన్ ఎత్తేది. ఆమె చేయగలిగిందీ అంతే. మార్ఫిన్ కంటే తక్కువ పవరున్న నొప్పి మందు ట్రమడాల్ అయినా దొరుకుతుందేమోనని తిరిగితే, 2018లో దాన్నీ అదే చట్టం కిందికి తెచ్చారని, తాము పెట్టుకోవడమే మానేశామని షాపువాళ్లు చెప్పారు. ఈలోగా మా ఊళ్లో కూరగాయల మార్కెట్ దగ్గర కేసులు బయటపడ్డాయి. వీధులకు కర్రలు అడ్డం కట్టారు.

మా ఆయన బ్లేడుతో మాత్రను రెండు ముక్కలు చేసి, క్యాలెండర్ కాగితం చింపి పొట్లాలు కట్టేవాడు. ముందు సగం మాత్ర, తర్వాత రోజుకు రెండే పొట్లాలు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆఖరి పొట్లమూ అయిపోయింది.

ఆ రాత్రి ముందు ఆవులింతలు మొదలయ్యాయి. ఆగవే! తర్వాత ముక్కు కారడం, ఒళ్లంతా గగుర్పాటు, చెమటలు, విరేచనాలు. ఒంటికి అలవాటైన మార్ఫిన్ ఉన్నట్టుండి ఆగితే ఇలాగే అవుతుందట. లేచి బాత్రూంకి పోదామంటే నడుంలో గునపం దించినట్టు ఉంది. ఇంటర్ చదివే బిడ్డ నా నోట్లో తువాలు పెట్టింది, పళ్లు కొరుక్కుని నాలుక తెగుతుందేమోనని. పక్కింటి కూరగాయలాయన ట్రాలీ ఆటోకి పాస్ ఉంటే, అందులో గోనెసంచుల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఏ ఆసుపత్రో రాయను. ముక్కు కారుతోందని కరోనా అనుమానంతో గేటు బయటే ఉంచారు. చాలాసేపటికి డ్యూటీ డాక్టర్ వచ్చి, దూరంగా నిలబడే అడిగాడు.

"ఏమ్మా, కల్లు అలవాటా? బంద్ చేసి ఎన్ని రోజులైంది?"

అవి కల్లు, లిక్కర్ దొరక్క మనుషులు వణికిపోతూ ఎర్రగడ్డ ఆసుపత్రికి వరసకట్టిన రోజులే. అనుమానం రావడం నాకు అర్థమవుతుంది. కానీ మా ఆయన ఫైలు చూపించాక కూడా, "అయితే ఈ బిళ్లలకు మరిగింది, తట్టుకోవాలె" అని లోపలికి పోయాడు. ఆ మాట మా బిడ్డ ముందు అన్నాడు. క్యాన్సర్‌ని క్షమించాను గానీ ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

ఫైలు పూర్తిగా చదివింది ఒక సిస్టర్. లోపలికి పోయి ఆయనతో గట్టిగానే మాట్లాడినట్టుంది, ట్రమడాల్ ఇంజెక్షన్ తెచ్చి చేసింది. నొప్పి పూర్తిగా పోలేదు, తెల్లారేదాకా బతికించింది. మాస్కులో మొహం చూడలేదు, పేరు అడిగే తెలివి అప్పుడు లేదు. ఆమె చల్లగా ఉండాలి.

పొద్దున్నే మా మరిది పోలీస్ స్టేషన్లో పాస్ రాయించుకొని బండి మీద హైదరాబాద్ బయలుదేరాడు. "నువ్వు ఫికర్ పడకు వదినా, రాత్రికల్లా వస్తా" అన్నాడు. కొర్లపహాడ్ దగ్గర ఒకసారి, పంతంగి టోల్‌గేట్ దగ్గర ఒకసారి ఆపి ఫైలంతా తిప్పించారట. హైదరాబాద్ ఆసుపత్రిలో స్టాకు తక్కువుందని, మిగతా రోగులకూ సర్దాలని, రాసినదాంట్లో సగమే లెక్కపెట్టి ఇచ్చి సంతకం తీసుకున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ నెలలోనే అమెరికాలో వెంటిలేటర్ రోగుల కోసం ఫెంటానిల్, మార్ఫిన్ లాంటి వాటి తయారీ కోటా 15 శాతం పెంచారని తర్వాత చదివాను. అక్కడ ఎవరికో ముందే తట్టింది. ఇక్కడ పాలు, కూరగాయలు అత్యవసరం, నా మాత్ర ఏ జాబితాలో ఉందో ఎవరూ చెప్పలేకపోయారు.

కీమో ఇంజెక్షన్లు పనిచేశాయి, పూస గట్టిపడింది, నొప్పి తగ్గింది. డాక్టరమ్మ మార్ఫిన్‌ను కొంచెం కొంచెంగా తగ్గించి పూర్తిగా ఆపేసింది. తర్వాత ఒక్కరోజు కూడా అది కావాలనిపించలేదు. మరిగినదాన్నైతే అలా మానగలిగేదాన్నా?

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర మీద ఉంటే ఉన్నట్టుండి ఆపకండి. రెండు వారాల మందు మిగిలి ఉండగానే తిరిగి వెళ్లండి. మందు పేరు, డోసు, ఎందుకు ఇస్తున్నారో డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద రాయించి ఫోన్‌లో ఫొటో ఉంచుకోండి. చావు దగ్గరపడినవాళ్లకే ఇస్తారని చుట్టాలు అంటారు, వినకండి.

2021 పెద్దగట్టు జాతరకు నడుముకు బెల్టు కట్టుకొని వెళ్లి లింగమంతుల స్వామికి మొక్కు చెల్లించాను. అత్తమ్మ మొక్కిన మొక్కు అది. స్వామి కాపాడాడని ఆమె అంటుంది, నేను కాదనను, ఆ రోజు బండి నడిపించింది కూడా స్వామే కావచ్చు. అయితే పాస్ చూపించినా ఆ రోజే మా మరిదికి చలానా పడింది. కట్టేస్తానంటే నేనే వద్దన్నాను.