బండ మీద నడిచి వచ్చిన నీళ్లు

మా ఇల్లు మల్కాజిగిరిలో, మౌలాలి గుట్ట వైపు వాలులో ఉంటుంది. రోడ్డు మిట్టన, పెరడు పల్లాన. గేటు దాటి నేరుగా నడిస్తే హాలు వస్తుంది, పక్కనున్న మెట్లు దిగితే కింద పెద్ద గది ఒకటి. దాన్ని మేం సెల్లార్ అని పిలుస్తాం గానీ అది పూర్తిగా భూమిలో లేదు. పెరటి వైపు తలుపు, రెండు కిటికీలు ఉన్నాయి. రోడ్డు వైపు గోడ మాత్రం నిలువునా మట్టిలోనే. అది మా మామగారు 1987లో కట్టించిన రాతి గోడ.

నేను పిల్లలకు వీణ నేర్పుతాను. సాయంత్రం ఆరున్నరకు మా హాల్లో సరళీ స్వరాలకూ అత్తయ్యగారి సీరియల్‌కూ పోటీ. ఎప్పుడూ సీరియలే గెలిచేది. పాత సామాన్లు పడి ఉన్న ఆ కింది గదిని బాగు చేయించుకుని పాఠాలు అక్కడికి మార్చుదామన్న ఆలోచన అలా వచ్చింది. సెల్లార్‌ను నివాసానికి వాడకూడదని భవన నిబంధనలు ఉన్నాయి కాబట్టి, అక్కడ మంచాలూ పడకలూ ఉండవని మావారు ముందే తీర్మానించారు.

2021 ఫిబ్రవరిలో ఒక ఇంటీరియర్ కాంట్రాక్టరు వచ్చి చూశాడు. గోడ మీద అక్కడక్కడా పెచ్చులు లేచి, తెల్లటి పొడి రాలుతోంది. "ఇవన్నీ కనిపించకుండా చేస్తాను మేడమ్" అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. గోడకు చెక్క రీపర్లు కొట్టి, వాటి మీద ప్లైవుడ్, ఆ పైన టేకు రంగు లామినేట్ వేశాడు. లక్షా పది వేలు అయ్యింది. ప్లైవుడ్ మీద ఎం.ఆర్. అనే ముద్ర చూపించి, తేమను తట్టుకునే రకమని చెప్పాడు. నేను ముద్ర చదివాను, దాని అర్థం అడగలేదు.

వానాకాలం సగం గడిచేసరికి గదిలో తడి గోనెసంచి వాసన మొదలైంది. వీణ బిరడాలు ఉబ్బి బిగుసుకుపోయాయి. శ్రుతి చేయడానికి పావుగంట పట్టేది. ఒక పాప పాఠానికి కూర్చున్న ప్రతిసారీ తుమ్ములే. అత్తయ్యగారు రోజూ సాంబ్రాణి వేయించారు. దాంతో సాంబ్రాణి కలిసిన గోనెసంచి వాసన వచ్చింది. సెప్టెంబరులో మావారు ఒక పలకను ఊడదీశారు. వెనక నల్లటి బూజు మచ్చలు, రీపర్ల మీద తెల్లటి దూది లాంటి పొర, కింది మూల నుంచి చెదలు కట్టిన మట్టి దారి. బయటి లామినేట్ మాత్రం ఇంకా మెరుస్తూనే ఉంది.

అప్పుడు తెలుసుకున్నాను. ఎం.ఆర్. రకం ప్లైవుడ్ గాలిలోని తేమను కొంతవరకు ఓర్చుకుంటుంది, నీటిని కాదు. వంటింటి సింకు కింద వాడే మెరైన్ రకం వేరు. ఐ.ఎస్. 710 అనే భారతీయ ప్రమాణం కింద దాని పొరల జిగురు అతుకును 72 గంటలు నీళ్లలో మరిగించి పరీక్షిస్తారు. సరే, మెరైన్ ప్లైవుడ్ వేసి ఉంటే ఏమయ్యేది? మరో రెండు మూడేళ్లు ఆలస్యంగా నాకు ఇదే వాసన వచ్చేది.

న్యూజెర్సీలో ఉండే మా తమ్ముడు ఈ కథంతా విని నవ్వాడు. "అక్కా, చెక్క వాడితే ఎలా? మా బేస్‌మెంట్‌కు బూజు పట్టని ప్యానెళ్లు బిగించారు, పదేళ్లయినా చెక్కుచెదరలేదు" అని వీడియో పంపాడు. చూడ ముచ్చటగానే ఉంది. కానీ వాళ్ల బాధ వేరు. అక్కడ చలికాలంలో నేల గడ్డకడుతుంది కాబట్టి పునాదిని ఆ లోతు దాటి తవ్వుతారు. ఎలాగూ అంత లోతు తవ్వాం కదా అని చాలా ఇళ్లకు బేస్‌మెంటు కట్టుకుంటారు. ఇంటిలోని వెచ్చటి గాలి చల్లటి కాంక్రీటు గోడను తాకి చెమర్చకుండా, గోడకు ఫోమ్ పలకలు అంటించి ఆ పైన ప్యానెళ్లు వేస్తారు. ఇక్కడ చలి బాధ లేదు, జులై నెల ఉక్క గాలి బాధ ఉంది. ఇంకో తమాషా ఏమిటంటే, మా సంభాషణ అరగంట దారి తప్పింది. వాడు పదేపదే "సంపులో పంపు ఉందా?" అంటాడు, నేను ఉందంటాను. వాడి సంపు గోడల్లోంచి ఊరిన నీటిని పోగుచేసి బయటికి తోడేసే గుంత. మన సంపు జలమండలి నీళ్లు పట్టి దాచుకునే తొట్టి.

ప్లైవుడ్ మొత్తం పీకించాం. బూజు పట్టిన చెక్కను, కర్టెన్లను కడిగి దాచుకోవాలని ఆశపడలేదు. ఎండు చీపురుతో ఊడిస్తే బూజు రేణువులు గదంతా లేస్తాయి కాబట్టి, ముందు తడిపి, సంచుల్లో కట్టి, పెరటి తలుపు గుండా బయటికి పంపాం. పని చేసినవాళ్లకు మాస్కులు ఇచ్చాను. ఒకరు పెట్టుకున్నారు, ఇద్దరు గడ్డం కింద వేలాడదీసుకున్నారు.

తరువాతి ఏడాది ప్యానెళ్ల అన్వేషణ. రాణీగంజ్‌లో ఒక దుకాణదారు పీవీసీ పలకను బకెట్ నీళ్లలో ముంచి తీసి చూపించాడు. "ఏమీ కాదు చూడండి మేడమ్." నిజమే, దానికి ఏమీ కాదు. "దీని వెనక గోడకో?" అని అడిగాను. ఆయన రంగుల పుస్తకం తెరిచి ఇంకో డిజైను చూపించాడు. మరొకచోట ఆకుపచ్చ జిప్సమ్ బోర్డు చూశాను. అది స్నానాల గది దగ్గర గాలి చెమ్మను బాగానే ఓర్చుకుంటుంది గానీ, దాని పైపొర కాగితం. గోడలోంచి నీళ్లే వచ్చే చోట బూజుకు భోజనం పెట్టినట్టు అవుతుందని ఒద్దనుకున్నాను. ప్రతి దుకాణంలోనూ వాళ్ల దగ్గరున్న సరుకే మా ఇంటి జబ్బుకు మందు. ఆ జబ్బేమిటో మాకే తెలియదు.

2022 ఆగస్టులో, వాన జోరుగా ఉన్న వారంలో, రెండు పాలిథిన్ ముక్కలు కత్తిరించి ఒకటి రోడ్డు వైపు గోడకు, రెండోది పక్క గోడకు నాలుగు అంచులా టేపు వేసి అంటించాను. రెండు రోజుల తరువాత చూస్తే రోడ్డు వైపు ముక్కకు వెనక, గోడను ఆనుకున్న పక్క, నీటి బొట్లు. పక్క గోడ ముక్కకు గది వైపు చెమ్మ. అంటే ఒక గోడలోంచి నీళ్లు వస్తున్నాయి, రెండో గోడ మీద గాలిలోని తేమే చెమరుస్తోంది. జబ్బు ఒకటి కాదు, రెండు. ఐదు రూపాయల పాలిథిన్ లక్షా పది వేల ప్లైవుడ్ కన్నా ఎక్కువ పని చేసింది.

అనుమానం ముందుగా సంపు మీదకు పోయింది. గేటు దగ్గర, ఆ గోడకు దగ్గరలోనే ఉంది మరి. నీళ్లు వదిలిన రోజు రాత్రి వాల్వు, మోటారు కట్టేసి లోపల సుద్దముక్కతో నీటి మట్టం గీశాం. తెల్లవారి చూస్తే నీళ్లు గీత మీదే ఉన్నాయి. సంపు నిర్దోషి.

మా వీధిలో కట్టుబడి పనులు చేసే పెద్ద మేస్త్రీని పిలిచాం. అరవై దాటిన మనిషి. గోడను తడమలేదు, కొట్టి చూడలేదు. ఎదురుగా స్టూలు వేసుకుని టీ తాగినంతసేపు దాన్నే చూశాడు. ఆయన చూపించాక గాని మాకు కనబడలేదు. తడి నేల నుంచి పైకి పాకలేదు. నేలకు మూడున్నర అడుగుల ఎత్తున, దారం పట్టి గీసినట్టు అడ్డంగా ఒక గీత. అక్కడ మొదలై కిందికి దిగింది.

"నీళ్లు కింద నుంచి ఎక్కడం లేదమ్మా. బండ మీద నడిచి వస్తున్నాయి" అన్నాడు. తరువాత అడిగాడు, "గోడ అవతల ఏముంది?"

ఏముందో చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఇంకుడు గుంత. డాబా మీద పడ్డ వానంతా అందులోకే పోయేలా, ఐదేళ్ల కిందట నేనే పట్టుబట్టి తవ్వించాను. ఇరుగుపొరుగుకు గర్వంగా చూపించాను. గోడకు నాలుగు అడుగుల దూరం. తవ్వినప్పుడు ఐదు అడుగుల్లోనే రాయి తగిలిందని పనివాళ్లు చెప్పారు, అంతవరకు చాల్లే అన్నాను. హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. పగులు లేని చోట అది చుక్క నీటిని కూడా మింగదు. గుంతలో పడ్డ నీళ్లు కిందికి ఇంకలేక, బండ వాలు వెంబడి పక్కకు జారి, అదే బండను తొలిచి కట్టిన మా రాతి గోడకు తగిలి, రాళ్ల సందుల్లోంచి లోపలికి దిగుతున్నాయి. రోడ్డు మట్టం నుంచి ఐదు అడుగుల లోతు అంటే, ఎనిమిదిన్నర అడుగుల గదిలో నేల నుంచి మూడున్నర అడుగులు. లెక్క సరిగ్గా కుదిరింది. అత్తయ్యగారు లెక్క విని, "నీళ్లు కాపాడావమ్మాయ్, మన గదిలో" అన్నారు.

2023 మే నెలలో గోడ బయట తవ్వకం మొదలుపెట్టాం. ఇరవై రెండు అడుగుల పొడవును ఒకేసారి తెరవకుండా నాలుగు ముక్కలుగా తవ్వించాడు మేస్త్రీ. అంత లోతు గాడి ఒక్కసారిగా తెరిస్తే మట్టి విరిగి మనుషుల మీద పడుతుందని ఆయన భయం. బండ బయటపడ్డాక, బండకూ గోడకూ మధ్య సందును కాంక్రీటుతో మూసి, వాలు గోడకు ఎడంగా ఉండేలా చేశారు. రాళ్ల సందులను గీకి సిమెంటు నింపి, పాలిమర్ కలిపిన సిమెంటు పూత రెండుసార్లు వేశారు. చిల్లుల పైపును వడపోత గుడ్డలో చుట్టి, బండ మీదే పరిచి, చుట్టూ నలభై ఎం.ఎం. కంకర పోశారు. ఆ పైపు ఇంటి పక్క సందు గుండా పెరట్లోకి దిగుతుంది. పాత గుంతను బంకమట్టితో దిమ్మిస కొట్టి పూడ్చారు. కొత్త ఇంకుడు గుంత పెరట్లో, ఇంటికి దిగువన తవ్వించాను. అక్కడ ఎనిమిది అడుగుల వరకు మొరం నేల. డ్రమ్ముడు నీళ్లు పోసి గడియారం పట్టుకుని కూర్చున్నాను. రెండు గంటల్లో ఇంకిపోయాయి. మొదటి గుంతకు ఈ పరీక్ష ఎందుకు చేయలేదని మావారు అడగలేదు. అడగకపోవడం కూడా ఒక రకంగా అడగడమే.

లోపల ఉప్పు పట్టిన ప్లాస్టరును రాయి కనిపించేదాకా చెక్కించాం. ఆ తెల్లటి పొడిని నీళ్లతో కడగొద్దన్నాడు మేస్త్రీ. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుందట, పొడిగానే దులిపి ఎత్తేశారు. కొత్త ప్లాస్టరు, పూత వేసి, గోడా నేలా కలిసే మూల పొడవునా సిమెంటుతో గుండ్రంగా గోలా తీశారు.

అందరికీ కోపం తెప్పించిన నిర్ణయం ఆ తరువాత తీసుకున్నాను. ఆ వానాకాలం గడిచేదాకా గోడను బోసిగానే వదిలేద్దామన్నాను. జులై ఆఖరులో రోజుల తరబడి కురిసింది. రోజూ ఉదయం టార్చి పట్టుకుని దిగి, అరచేత్తో గోడను తడిమేదాన్ని. పాత గీత దగ్గర పొడి సిమెంటు గరుకు తప్ప ఏమీ లేదు. ఎడమ మూలన మాత్రం బెత్తెడు మేర రంగు ముదిరింది.

రెండో జబ్బుకు వైద్యం ఇంకా చిన్నది, ఇంకా విసుగైనది. చిన్న తేమ కొలిచే మీటరు కొన్నాను. వాన రోజున 84 శాతం చూపించింది. బూజు రాకూడదంటే 60 దాటకుండా చూసుకోవాలి. గాలి ఆడాలని కిటికీలు తెరిచేకొద్దీ అంకె పెరిగింది! బయటి ఉక్క గాలి చల్లటి గదిలోకి వచ్చి గోడల మీద చెమరుస్తోంది. వాన రోజుల్లో కిటికీలు మూసి, తేమ పీల్చే యంత్రం పెట్టాక 57 దగ్గర నిలిచింది. దాని తొట్టిలో చేరే నీళ్లు మొక్కలకు పోస్తున్నాను.

ప్యానెళ్లు చిట్టచివరికి, 2024 జనవరిలో వచ్చాయి. ఎనిమిది ఎం.ఎం. ఫైబర్ సిమెంటు బోర్డులు, చెక్క రీపర్ల బదులు జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుప చానెళ్లు. ఈ బోర్డు కుళ్లదు, చెదలు తినవు. కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు కాబట్టి కోతంతా పెరట్లోనే, ఈసారి మాస్కు ముక్కు మీద ఉంటేనే కూలి అన్నాను. బిగించే ముందు వెనక వైపు కూడా ప్రైమర్ కొట్టించాను. గోడకూ బోర్డుకూ మధ్య ఖాళీ, నేలకు అర అంగుళం ఎడం, పైనా కిందా గాలి ఆడే జాలీలు. స్కర్టింగు చెక్కది కాదు, టైలుది. రోడ్డు వైపు రెండు బోర్డులు మరలు విప్పితే ఊడి వచ్చేలా పెట్టించాను. కార్పెంటరుకు అది నచ్చలేదు, మరల తలలు కనిపిస్తాయన్నాడు. కనిపించనీ అన్నాను. బోర్డులకైన ఖర్చు డెబ్బై వేలు. గోడ బయటా లోపలా చేసిన పని లక్షన్నర దాటింది. చూడవచ్చినవాళ్లంతా మెచ్చుకునేది ఆ డెబ్బై వేలనే.

గట్టి బోర్డుల వల్ల మొదట్లో వీణ నాదం గదిలో కొంచెం మోగింది. జంపఖానాలు పరిచాక సర్దుకుంది. బిరడాలు వానాకాలంలో కూడా తిరుగుతున్నాయి. గది చల్లగా ఉందని అత్తయ్యగారు ఆవకాయ జాడీలు అక్కడ పెట్టిస్తానన్నారు. మీటరు చూపించి ఆపాను. ఆమెకు ఇంకా కోపమే.

ప్రతి ఆగస్టులో ఆ రెండు బోర్డులు విప్పి చూస్తాను. పోయినసారి వెనక ఒక బల్లి, దాని ఎండిన గుడ్ల పెంకులు తప్ప ఏమీ లేవు. ఎడమ మూలన ఆ బెత్తెడు చోటు మాత్రం వానకు ముదురుతుంది, ఎండకు తేలుతుంది. అక్కడ బోర్డు బిగించలేదు. కొత్తగా చేరే పిల్లలందరూ ఆ ఖాళీ వైపు చూసి, "టీచర్, అక్కడ పని అవలేదా?" అని అడుగుతారు. అవలేదనే చెబుతున్నాను. మేస్త్రీ ఈ వేసవికి వస్తానన్నాడు.