లేనియెడల మీతో చెప్పుదును

నవంబరు 2న, సమాధుల పండుగ సాయంత్రం, మా అమ్మ సమాధికి సున్నం వేయించి, బంతిపూలు పరచి కొవ్వొత్తులు వెలిగిస్తుండగా, రెండో తరగతి చదువుతున్న మా తమ్ముని కొడుకు రాతి మీది అక్షరాలను కూడబలుక్కుని చదివాడు: "ప్రభువునందు నిద్రించెను." ఆ రాత్రి వాడు పడుకోవడానికి ససేమిరా అన్నాడు. నిద్రపోతే తననూ పెట్టెలో పెడతారని వాడి భయం. తరతరాలుగా మనకు ఆదరణనిచ్చిన మాట ఒక పసివాడికి బెదురై కూర్చుంది. ఏళ్ల తరబడి సండే స్కూల్లో పాఠాలు చెబుతున్న నాకు ఆ పూట వెంటనే జవాబు తోచలేదు.

ఒకరు చనిపోయాక వారి ఇంటివారిని ఓదార్చే మన ఆదరణ కూడికల్లో తప్పక చదివే వచనం ఒకటుంది. "నా తండ్రి యింట అనేక నివాసములు కలవు, లేనియెడల మీతో చెప్పుదును, మీకు స్థలము సిద్ధపరచ వెళ్లుచున్నాను" (యోహాను 14:2). నివాసములు, స్థలము అన్న మాటల మీదికి మన మనసు పరుగెత్తుతుంది కాబట్టి, నడుమనున్న మూడు మాటలు వినిపించకుండానే దాటిపోతాయి. మరునాడు సిలువకు వెళ్లవలసిన యేసు, కలవరపడుతున్న శిష్యులకు ఆ రాత్రి చెప్పిన మాట అది. ఆ ఇల్లు లేకపోతే లేదని చెప్పి ఉండేవాడిననీ, ఊరడించడం కోసం లేనిది ఉన్నదని చెప్పేవాడిని కాననీ దాని భావం. ఎక్కడికి వెళ్తున్నావో మాకు తెలియదే అని తోమా ఆ వెంటనే అడిగితే ఆయన కోపగించలేదు. పరలోకపు వీధులనూ వర్ణించలేదు, తానే మార్గమన్నాడు.

మరణానంతర జీవితం గురించి పిల్లల కోసం రాసిన క్రైస్తవ పుస్తకం ఏది చేతికొచ్చినా, ఆ మూడు మాటల పక్కన పెట్టి చూడడం నాకు అలవాటైంది. జేమ్స్ జేన్‌వే అనే ప్యూరిటన్ (కఠిన నియమనిష్ఠల ప్రొటెస్టంటు శాఖ) బోధకుడు 1671–72లో పదముగ్గురు పిల్లల భక్తినీ, వారి మరణాలనూ వర్ణిస్తూ ఇంగ్లండులో ఒక పుస్తకం వెలువరించాడు. 1665 నాటి లండన్ ప్లేగు ఇంకా కళ్లముందు మెదులుతున్న కాలమది. చావును పిల్లల నుండి దాచగలిగిన ఇల్లు లేదు. ఆయన దాచలేదు, అందుకు గౌరవిస్తాను. కానీ నరక భయాన్ని పసి గుండెల మీద అంత బరువుగా మోపిన పుస్తకాన్ని మా తమ్ముని కొడుక్కి మాత్రం చదివి వినిపించను.

ఈ కాలపు రంగుల పుస్తకాలది మరో దారి. తాతయ్య దేవదూత అయిపోయాడనీ, రెక్కలతో మబ్బుల మీద తిరుగుతున్నాడనీ చెబుతాయి. పునరుత్థానమందు మనుష్యులు "పరలోకమందున్న దూతలవలె ఉందురు" అని ప్రభువు అన్నాడు (మత్తయి 22:30). అదీ పెండ్లి సంగతి అడిగినవారితో అన్న మాట. "వలె" అన్న రెండక్షరాలు తీసేస్తే వాక్యం అర్థమే మారిపోతుంది.

నాకు నచ్చిన పుస్తకం అసలు పిల్లల కోసం రాసింది కాదు. పిల్లలే దాన్ని తమది చేసుకున్నారు. బెడ్‌ఫర్డ్ చెరసాలలో పన్నెండేళ్లు గడిపిన జాన్ బనియన్ 1678లో వెలువరించిన కథ అది, మనం 'యాత్రికుని ప్రయాణము' అని చదువుకునేది. 1684 నాటి రెండో భాగంలో మొదటి యాత్రికుని భార్య క్రిస్టియానా తన నలుగురు కొడుకులను వెంటబెట్టుకుని బయలుదేరుతుంది. పరలోక పట్టణానికి ఈవల, మరణానికి గుర్తుగా, వంతెన లేని నది ఉంటుంది. కుంటుతూ వచ్చినవాడు తన ఊతకర్రలను ఒడ్డునే వదిలి అందులోకి దిగుతాడు. దారి పొడుగునా వణికిపోతూ వచ్చిన ఒక పిరికి అమ్మాయి మాత్రం పాడుతూ నదిని దాటుతుంది. ఏమి పాడిందో ఒడ్డున నిలిచినవారెవరికీ అర్థం కాలేదని బనియన్ రాస్తాడు. అక్కడ ఒక కీర్తన అల్లి ఆమె నోట పెట్టడం ఆయనకు ఎంతసేపు పని? పెట్టలేదు. క్రిస్టియానా కొడుకులు దాటేదాకా తాను అక్కడ ఉండలేదని కూడా ఒప్పుకుంటాడు. 1956లో ఆంగ్ల రచయిత సి. ఎస్. లూయిస్ పిల్లల కోసం రాసిన తన నార్నియా కథల చివరి పుస్తకాన్ని ముగిస్తూ, ఆపైన జరిగినవి తాను రాయలేనంత గొప్పవని కలం ఆపేయడం కూడా ఆ కోవలోదే.

మన వి.బి.ఎస్.లలో (వేసవి సెలవుల బైబిలు బడుల్లో) చూపే, రంగు పేజీలతోనే సువార్త చెప్పే అక్షరాలు లేని పుస్తకం మీకు గుర్తుండే ఉంటుంది. 1866లో లండన్ బోధకుడు స్పర్జన్ నలుపు, ఎరుపు, తెలుపు అనే మూడు పేజీలతో ప్రసంగించగా, 1875లో అమెరికా సువార్తికుడు మూడీ దానికి పరలోకాన్ని సూచించే బంగారు రంగు పేజీని చేర్చాడు. మొన్న వేసవిలో ఆ పేజీ దగ్గర మా వాడు ఆగిపోయాడు.

"అత్తా, ఇందులో ఏమీ గీయలేదేం? నాయనమ్మ బొమ్మైనా లేదు."

దీన్ని చేసినవాళ్లు అక్కడికి వెళ్లి చూసి రాలేదు నాన్నా, అన్నాను.

"యేసయ్య చూశాడుగా?"

చూశాడు, అక్కడి నుండే వచ్చాడు, ఉందని చెప్పాడు, అన్నాను. వాడు ఆ పేజీ మీద చూపుడువేలు గట్టిగా రుద్ది, బంగారు రంగు అంటుకుందేమోనని వేలిని వెలుతురుకెత్తి చూసుకున్నాడు.