తాతయ్య మూసిన మిల్లు

ఒడిశాలో గుణుపురంలోని మా పాత రైసుమిల్లు షెడ్లను బాగుచేయించి, వాటికి నాన్నగారి పేరు పెట్టి, డిసెంబరు సెలవుల్లో తెరవాలని అనుకుంటున్నాము. ఆ రోజున తాతయ్య గురించి తెలుగులో నాలుగు మాటలు చెప్పమని మా అబ్బాయిని అడిగితే వాడు చెప్పనన్నాడు. "మిల్లు మూసేసింది తాతయ్యే కదమ్మా! మనం తెరుస్తున్నందుకు ఆయన సంతోషిస్తారని నేనెలా చెప్పను?" అన్నాడు. తెలుగులో మాట్లాడవలసి వస్తుందని తప్పించుకుంటున్నాడని కోప్పడ్డాను గాని, ఆ ప్రశ్న అడిగింది తెలుగులోనే కాబట్టి నా వాదన నిలబడలేదు.

మూసింది నిజంగా వాడి తాతయ్యే, అంటే మా నాన్నగారే. నౌపడ నుంచి 1900లో పర్లాకిమిడి దాకా వచ్చిన చిన్న రైలు 1931లో గుణుపురం చేరింది. వంశధార ఒడ్డున పండే ధాన్యానికి దానితో కోస్తా దారి దొరికింది, ఆ దారిని నమ్ముకునే మా తాతగారు మిల్లు కట్టారు. పట్టాల వెడల్పు పెంచే గేజి మార్పిడి కోసం 2004లో ఆ రైలు ఆగేనాటికే మా ధాన్యం లారీలెక్కింది. వడ్లు ఆడించే మా పాత యంత్రాలు, హల్లర్లు, పొట్టునూ తవుడునూ కలిపి ఊడ్చేసేవి, బియ్యంలో నూక ఎక్కువగా పడేది. రబ్బరు రోలర్లతో పొట్టును విడిగా తీసే కొత్త మిల్లుల ముందు అవి నిలవలేవని నాన్నగారు ఎవరూ చెప్పకుండానే గ్రహించి, బాయిలరును, షాఫ్టును పాత ఇనుము లెక్కన అమ్మి, కూలీల బాకీలన్నీ తీర్చి, తాళం వేశారు. ఇక మీరెవరూ దీనికోసం తిరిగి రానక్కరలేదని ఆ రాత్రి ఫోనులో నాతో చెప్పినప్పుడు, ఆయన గొంతు ఆఖరి పిల్ల పెళ్లి చేసి పంపిన తండ్రి గొంతులా తేలికగా ఉంది.

ఇలాంటి పని తలపెట్టే ప్రవాసులకు నేను ధైర్యంగా చెప్పగలిగినవి గోడల గురించీ కప్పుల గురించే. సున్నంతో కట్టిన పాత ఇటుక గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మకు బయటికి పోయే దారి ఉండదు. ఉప్పు పొంగి పూత పెచ్చులుగా రాలుతుంది, ఇటుక పొడి అవుతుంది. అందుచేత ఎంత ఆలస్యమైనా సున్నం పని తెలిసిన తాపీమేస్త్రీనే వెతకండి. 2018 తిత్లీ తుపానుకు మా వెనుక షెడ్డు కప్పు లేచిపోయింది గాని, గోడలు మాత్రం చెక్కుచెదరలేదు. మిగిలిన పాత సిమెంటు రేకుల్లో రాతినార (ఆస్బెస్టాస్) ఉంటుంది కనుక వాటిని రంపంతో కోయనివ్వకుండా, తడిపి, పగలకుండా దింపించాలి. పనివాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు.

ఇంత పాండిత్యం అర్ధరాత్రి వీడియో కాల్‌లో తమ్ముడితో పోట్లాడి సంపాదించినదే. వెల్ల మరీ తెల్లగా వచ్చిందని ఒకసారి, వడ్లు నానబెట్టే తొట్లు పగలగొట్టవద్దని మరొకసారి. ఉప్పుడు బియ్యం కోసం ఆ తొట్లలో రెండు మూడు రోజులు నానిన వడ్ల పులిసిన కంపు బట్టలకు అంటుకుంటుందని, బడిలో పిల్లలు ముక్కు మూసుకుంటారని, చిన్నప్పుడు నేను మిల్లు వైపే వెళ్లేదాన్ని కాను. ఆ తొట్లనే ఇప్పుడు మన వారసత్వం అంటున్నాను. నా మాటకు తమ్ముడు నవ్వడు, అది వాడి మంచితనం.

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మేము ఇల్లు కదలకుండానే ప్రవాసులమయ్యామని నాన్నగారు నవ్వుతూ అనేవారు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, ధాన్యం తెచ్చే సవర గిరిజనులతో వాళ్ల భాష మాట్లాడిన మనిషి ఆయన. ఏ భాష పోతుందోనని బెంగపడగా నేనెన్నడూ చూడలేదు. నన్ను ఒడియా బడికే పంపారు, తెలుగు అక్షరాలు రాత్రిపూట మిల్లు లెక్కల పుస్తకం వెనుక పేజీల్లో దిద్దించారు. ఎక్కాలు ఈనాటికీ నాకు ఒడియాలోనే నోటికి వస్తాయి. అయినా తెలుగులో ఎక్కాలు అప్పజెప్పమని మా అబ్బాయిని ఏడిపించాను.

పిల్లల మీద మన జ్ఞాపకాల భారం వేయవద్దని స్నేహితులకు చెబుతుంటాను. షెడ్ల కాగితాల్లో మాత్రం నా తరువాత వాడి పేరు రాయించాను, వాడిని అడగకుండానే. మమ్మల్ని విడిపించడానికి ఒకాయన వేసిన తాళాన్ని ఆయన పేరు మీదే తీసి, దాని చెవి మనవడి చేతిలో పెడుతున్నానేమోనని అప్పుడప్పుడు అనిపిస్తుంది. మరునాడు మళ్లీ మేస్త్రీకి ఫోను చేస్తాను.

ముందు షెడ్డులో తెలుగు పుస్తకాలతో పఠనమందిరం పెట్టాలని నా కోరిక. ఊళ్లో పిల్లలు చదివేది ఒడియా బడుల్లో కదా, ఆ పుస్తకాలు ఎవరు చదువుతారని తమ్ముడు అడిగాడు. అలాగైతే ఒడియా పుస్తకాలు కూడా కొందామన్నాను, అక్కడితో నా దగ్గర జవాబులు అయిపోయాయి. ఈలోగా ధాన్యం నిలవకు గోదాముగా ఇమ్మని ఒక వ్యాపారి వచ్చాడట. వెనుక షెడ్డు మాత్రమే కాదు, రెండూ కావాలట. తమ్ముడు నా మాట కోసం ఆగాడు. నేను ఇంకా ఏమీ చెప్పలేదు గాని, నాన్నగారైతే అడ్వాన్సు ఎంతిస్తాడో ముందు అడిగేవారు.