చేతి మీద మచ్చలు, చేతి సంచిలో మందులు

2022 కార్తీకమాసంలో ఒక ఉదయం, విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్న కూరగాయల సంచిని గుమ్మంలో దించి చూసుకుంటే, పిడి తగులుకున్న ముంజేతి మీద వంకాయరంగు పట్టీ ఒకటి తేలి ఉంది. సంచి బరువు రెండు కిలోలకు మించదు. వారం తిరగకముందే మంచం కోడు తగిలినచోట ఒకటి, బస్సులో కడ్డీ పట్టుకున్నచోట ఒకటి, ఎక్కడ తగిలిందో గుర్తే లేనిచోట రెండు మచ్చలు వచ్చాయి. ముప్పై ఏళ్లు బడిపిల్లల మోచేతి దెబ్బలు చూసినదాన్ని కనుక, కమిలిన చోటు ఎర్రగా మొదలై నల్లబడి, పచ్చబడి, పసుపుగా మారి రెండు వారాల్లో పోతుందని తెలుసు. రక్తంలోని ఎర్రని పదార్థం చర్మం కింద దశలవారీగా విరిగిపోవడం వల్ల ఆ రంగులు వస్తాయి. నా మచ్చలు మాత్రం ఆ వరసలో మారలేదు. ఊదారంగులోనే ఉండి ఉండి, చివరకు తుప్పుమరకలాంటి గోధుమరంగును వదిలిపెట్టాయి.

మాఘమాసంలో బంధువుల ఇంట పెళ్లికి వెళ్తే, నా చేతుల వైపు చూసి, తర్వాత మావారి వైపు చూసినవాళ్లు ఎందరో. ఎవరూ నోరు తెరిచి అడగలేదు కాబట్టి మేమూ జవాబు చెప్పుకోలేకపోయాం. ఆ రోజు నుంచి రోడ్డు దాటేటప్పుడు ఆయన నా చేయి పట్టుకోవడం మానేశారు. మచ్చలకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

చివరకు ఫిబ్రవరిలో ఒక డాక్టరమ్మగారి దగ్గరకు వెళ్లాం. ఆవిడ మావారిని కాసేపు బయట కూర్చోమని, "టీచరుగారూ, ఇంట్లో ఎవరైనా చేయి చేసుకుంటున్నారా?" అని సూటిగా అడిగారు. నాకు ముందు కోపం వచ్చింది. పెళ్లిలో అందరూ కళ్లతో అడిగిన ప్రశ్నను ఒక్కరైనా నోటితో అడిగారనిపించి, వెంటనే కోపం తగ్గింది. లేదన్నాను. చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం వస్తోందా, మలం నల్లగా వస్తోందా, కాళ్ల మీద సూదిమొనంత ఎర్రచుక్కలు ఉన్నాయా, పురుళ్లప్పుడు గానీ పన్ను తీయించుకున్నప్పుడు గానీ రక్తం ఆగకుండా పోయిందా అని వరసగా అడిగారు. వాటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకూడదట. నేను పుట్టింది ఉద్దానం ప్రాంతంలోని కవిటిలోనని చెప్పగానే, అక్కడి కిడ్నీ జబ్బు గుర్తుకు వచ్చి కాబోలు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షను చీటీలో అన్నిటికంటే పైన రాశారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో ప్లేట్‌లెట్ల లెక్క సరిగానే ఉన్నా, అవి చేయవలసిన పని చేయలేవని అప్పుడే తెలిసింది.

ఫలితాలన్నీ బాగానే వచ్చాయి. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండవలసిన ప్లేట్‌లెట్లు నాకు 2,30,000 ఉన్నాయి. గడ్డకట్టే సమయం, కాలేయం, కిడ్నీలు అన్నీ సవ్యమే. షుగరు మాత్రం ఎన్నడూ లేనంత ఎక్కింది. అప్పుడావిడ, "ఇంట్లో మీరు మింగేవన్నీ, ఆకుమందులతో సహా, ఒక సంచిలో వేసుకుని రండి" అన్నారు.

ఆ సంచిలో ఎనిమిదేళ్ల క్రితం షుగరు బయటపడినప్పుడు ఒకరు రాసిచ్చిన 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఉంది. నొప్పి పెరిగిన రోజున నా అంతట నేనే కొనుక్కునే డైక్లోఫెనాక్ ఉంది. అడుగున కాగితపు పొట్లాలు ఉన్నాయి. ఉగాది తర్వాత వారపు సంతలో కొన్న మోకాళ్లనొప్పుల పొడి అది. పేరు లేదు, చీటీ లేదు. రెండు రోజుల్లో మెట్లు ఎక్కించిన మందును నేను అనుమానించలేదు సరికదా, మరో ఇద్దరు టీచర్లకు కూడా ఇప్పించాను. డాక్టరమ్మగారు పొడి కంటే ముందు నా ముఖాన్ని పరిశీలనగా చూశారు. ఉబ్బిన బుగ్గలు, పెరిగిన షుగరు, కాగితంలా పలుచబడిన చర్మం చూసి, పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారని అన్నారు. ఒళ్లు తనంతట తాను తయారుచేసుకునే స్టెరాయిడ్ కార్టిసాల్. ఉదయం ఎనిమిది గంటలకు చేయించిన పరీక్షలో అది బాగా తక్కువగా రావడంతో ఆ అనుమానం బలపడింది.

స్టెరాయిడ్ నెలల తరబడి ఒంట్లోకి వెళ్తే చర్మానికి పటుత్వం ఇచ్చే కొల్లాజెన్ అనే లోపలి పదార్థం తరిగిపోతుంది. సన్నని రక్తనాళాలకు ఆసరా పోయి, చిన్న ఒత్తిడికే చిట్లిపోతాయి. చిట్లినచోట అడ్డుకట్ట వేయవలసిన ప్లేట్‌లెట్లను ఆస్పిరిన్ అవి బతికే ఏడు నుంచి పది రోజుల పాటు పని చేయనివ్వదు. పైన డైక్లోఫెనాక్ తోడైంది. గోడ బలహీనపరిచిందీ, తాపీమేస్త్రి చేతులు కట్టేసిందీ నేనే.

పొట్లాలు ఆ పూటే పెంటలో పారేస్తానంటే ఆవిడ గట్టిగా వారించారు. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నంత కాలం కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానుకుంటాయి. ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని పొడికి బదులుగా కొలతగల స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి, ఆరు నెలల పాటు కొద్దికొద్దిగా తగ్గించారు. నాకు గుండెజబ్బు గానీ స్టెంటు గానీ లేవు కాబట్టి ఆస్పిరిన్ ఆపించారు. అవి ఉన్నవారు మచ్చలకు భయపడి సొంతంగా ఆపకూడదని రెండుసార్లు చెప్పారు. పొడి ఇప్పించిన ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకరు వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లారు, ఇంకొకరు నాతో మాట్లాడటం మానేశారు.

మోకాళ్లనొప్పి పూర్తిగా తిరిగొచ్చింది. పారాసిటమాల్, తొడ కండరాలకు చెప్పిన వ్యాయామం, కాస్త బరువు తగ్గడం కలిసి దాన్ని ఓర్చుకోగల స్థితికి తెచ్చాయి. ఇంట్లో మంచం కోళ్లకు పాతగుడ్డలు చుట్టాం, రాత్రి నడవలో చిన్న దీపం ఉంచాం, బయటికి వెళ్లేటప్పుడు పొడుగుచేతుల జాకెట్టు తొడుక్కున్నాను. స్నానం కాగానే చేతులకు కొబ్బరినూనె సుతిమెత్తగా రాసుకునేదాన్ని. దెబ్బ తగిలితే వేడి కాపడం పెట్టి గట్టిగా మర్దనా చేయడం మా అమ్మకాలం అలవాటు. మొదటి రోజు అలా చేస్తే చిట్లిన నాళం నుంచి రక్తం మరింత పాకుతుందని, చల్లని తడిగుడ్డ పదీ పదిహేను నిమిషాలు వేయాలని నేర్చుకున్నాను. విటమిన్ సి లోపం వల్ల కూడా కమిలిపోవచ్చు గానీ నా విషయంలో కారణం అది కాదు కాబట్టి, ఉసిరికాయలు రుచికే తిన్నాను.

విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. 2023లో మూడు లాంతర్ల దగ్గర జనం ఒక్కసారిగా ఒరిగినప్పుడు మావారు గభాలున నా ముంజేయి పట్టుకుని పక్కకు లాగారు. మర్నాడు అక్కడ ఆయన బొటనవేలి అచ్చు పడింది. ఆయన రోజూ పొద్దున్నే నా చేయి వెలుతురులో పెట్టి చూసేవారు. ఆరో రోజున అది పచ్చబడింది, పదో రోజుకు పసుపైంది.